బురదకు బురాదా

జూన్ 9, ఆదివారం. 1974

చర్చి నుంచి వస్తుంటే వాన. ఈ ఏటికి మొదటి వాన. ఇస్నాపూర్‌లో అందరికీ సంతోషం. నాకూ సంతోషమే... పెరట్లోకి వెళ్ళేదాకా.

కోళ్ళ దొడ్డి అంతా బురద. నల్లరేగడి కదా, నీళ్ళు తాగి ఉబ్బి కూర్చుంది. ఎండాకాలమంతా ఇదే నేల ఎంత బుద్ధిగా ఉండేది! నా తెల్లకోళ్ళు ఏడూ నల్ల మేజోళ్ళు తొడుక్కున్నట్టు నిలబడి ఉన్నాయి. రాహేలు ఒక కాలెత్తి నన్నే చూస్తోంది, దీనికేనా నన్ను ఫారం నుంచి తెచ్చావు అన్నట్టు.

కోళ్ళకు బైబిలు పేర్లేమిటని ఈయనకు నవ్వు. రూతును కోస్తే ఆ కూరను ఏమని పిలవాలట. కొయ్యం. ఇవి గుడ్ల కోళ్ళు.

జూన్ 12

బడి తెరిచారు. ఒకటో తరగతి మళ్ళీ నాకే. పొద్దంతా ఏడుపులు, సాయంత్రం కోళ్ళ కొక్కొక్కోలు.

జూన్ 14

వాసన. ఇంకొకరి దగ్గరైతే దాస్తాను, ఈ పేజీ దగ్గర ఎందుకు? రెట్టలు, తడి, ఎండ, మూడూ కలిస్తే వచ్చే వాసన. అన్నం దగ్గర ఈగలు. ఈయన పళ్ళెం మీద చెయ్యి ఊపుతూ తింటాడు, ఒక్క మాట అనడు. అనకపోవడమే అనడం.

జూన్ 15

అనాల్సిన మనిషి అన్నది.

నర్సమ్మవ్వ. ఇంటావిడ. మా కిరాయి గదులు రెండూ ఆవిడ ఇంటికి ఆనుకునే ఉన్నాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. ఆవిడ ఇంటి చివరి గది కిటికీ సరిగ్గా నా కోళ్ళ దొడ్డి మీదికే. ఆ గదిలో ధాన్యం బస్తాలు ఉండేవి కనుక ఇన్నాళ్ళూ అడిగేవారు లేరు. ఇప్పుడు బస్తాలు తీయించి సున్నం కొట్టిస్తోంది. కూతురు రాధ మొదటి కాన్పుకు వస్తోందట. పురిటి గది అదే.

"ఆషాఢం ఎల్లంగనే నా బిడ్డ వస్తది. గప్పటికి గీ కంపు పోవాలె. లేకుంటె కోళ్ళన్న పోవాలె, మీరన్న పోవాలె. మల్ల నన్ను అనద్దు."

కోపంగా అనలేదు. అదే భయం. కోపంగా అంటే రేపు మరిచిపోతుంది.

జూన్ 16, ఆదివారం

ప్రసంగం ఒక్క ముక్క ఎక్కలేదు.

ఈయన అమ్మేద్దామంటాడు. బజారుకు పోతే గుడ్లు దొరకవా అంటాడు. దొరుకుతాయి. కానీ ఈ ఊళ్ళో నేను మొదలుపెట్టినది ఏముంది? ఉద్యోగం సర్కారుది, ఇల్లు నర్సమ్మవ్వది, గిన్నెలు మా అమ్మవి. గుప్పెడంత పిల్లలుగా తెచ్చి, చలికి లాంతరు పెట్టి, నేను పెంచినవి ఇవే. పొద్దున గంప ఎత్తగానే వెచ్చటి గుడ్డు చేతికి తగిలితే... ఈ మాట ఆయనతో అంటే నవ్వుతాడు.

ఇల్లూ పోకూడదు. పటాన్‌చెరు నుంచి ఇక్కడిదాకా ఎన్ని గుమ్మాలు ఎక్కాం! మీరెవరు అని అడగడం, చెప్పగానే గది ఖాళీ లేదనడం. నర్సమ్మవ్వ అదేమీ అడగలేదు. రాత్రి దీపం ఎంతసేపు వెలుగుతుందని మాత్రం అడిగింది. అలాంటి మనిషికి కంపు పెట్టి పొగబెట్టినట్టు చేస్తున్నానే అని సిగ్గుగా కూడా ఉంది.

కోళ్ళూ ఉండాలి, ఇల్లూ ఉండాలి. అంటే కోళ్ళను మార్చక్కర్లేదు, వాటి కాళ్ళ కింద ఉన్నదాన్ని మార్చాలి.

జూన్ 19

ఇసుక. మంజీర ఇసుక ఒక బండి. ఈయన మొహం మాడ్చుకునే పోయించాడు. పోసిన సాయంత్రం చూడాలి ఆ దొడ్డిని! ఏటి ఒడ్డులా తెల్లగా. దెబోరా అందులో పొర్లి పొర్లి స్నానం చేసింది. గెలిచాననుకున్నాను.

జూన్ 22

రెండు వానలకు రేగడి ఇసుకను మింగేసింది. బండెడు ఇసుక ఎక్కడికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు బురదలో పలుకులు కూడా.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఈయన. మీరు తొక్కారా, మీరు కడిగారా అని నేను.

జూన్ 25

గరిక! ఎందుకు తట్టలేదు ఇన్నాళ్ళూ? వేర్లు పట్టిందంటే మట్టి కదలదు, పచ్చగా ఉంటుంది, కోళ్ళకు మేత కూడా. బడి వెనక గట్టు మీద నుంచి పెళ్ళలు పెళ్ళలుగా తవ్వి తెచ్చి నాటాను. నడుం విరిగింది.

నర్సమ్మవ్వ గోడ మీదుగా చూసి, కోళ్ళను కట్టేయకుండా గడ్డి నాటిన మనిషిని తన జన్మలో చూడలేదన్నది.

జూన్ 26

బడి నుంచి వచ్చి చూస్తే ఒక్క గరికపోచ లేదు. వేర్లతో సహా పీకి, కింద మట్టి గీకి, వానపాముల విందు చేసుకున్నాయి. మార్త ఇంకా గీకుతూనే ఉంది. దానికా పేరు ఊరికే పెట్టలేదు, క్షణం కుదురుగా ఉండదు, ఎప్పుడూ పనే.

నాకూ నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వొస్తే మంచిదే.

జూన్ 30, ఆదివారం

ఊక పోశాను. బియ్యం మిల్లు ఊక. గాలికి సగం లేచి నర్సమ్మవ్వ ఆరబెట్టిన వడియాల మీద పడింది. మిగతా సగం తడిసి ముద్ద.

వడియాల సంగతి రాయను. వినలేని మాటలు పడ్డాను, అన్నీ న్యాయమైనవే.

జూలై 3

ఈయనే చెప్పాడు ఈసారి! తను పనిచేసే ఫ్యాక్టరీలో చెక్కపెట్టెలు చేసే చోట రంపపు పొట్టు కుప్పలుగా పడి ఉంటుందట, పారబోయడమేనట. అక్కడ దాన్ని అందరూ బురాదా అంటారట. ఊకలా ఎగరదు, తడి పీలుస్తుంది. మాట్లాడి ఒక సంచి పంపిస్తానన్నాడు.

తనంతట తాను అన్నాడు. అమ్మేద్దామన్న మనిషి. మీద పడి ముద్దు పెట్టుకుందామనిపించింది. చాయ్ పెట్టి ఇచ్చాను.

జూలై 5

నర్సమ్మవ్వతో కూడా చెప్పి ఉంచాను. రేపో మాపో బురాదా వస్తుంది, దానితో ఈ పీడ విరగడవుతుందని. ఆవిడ నా మొహంలోకి చూసి అడిగింది.

"బురదల ఇంక బురద పోస్తవా బిడ్డా?"

బురద కాదవ్వా, బురాదా, బురాదా అని సాగదీసి చెప్పాను, ఒకటో తరగతికి దీర్ఘాలు నేర్పినట్టు. ఏమో తియ్యి అనుకుంటూ పోయింది.

జూలై 8

ఏం రాయాలి... ఎక్కడి నుంచి రాయాలి?

సంచి వచ్చింది. నేను బళ్ళో ఉండగా. ఈయనకు రెండో షిఫ్టు, తీరిక లేక రాంలాల్‌కు చెప్పాడట, భాయ్, బురాదా ఒక సంచి మా ఇంటికి పంపించు అని. రాంలాల్ ఎక్కడో ఉత్తరాది మనిషి, లేతు మిషను మీద పని. అతనికి బురాదా అంటే తన మిషను కింద రాలేది. ఇనుప రజను. సన్నటి తీగముక్కలు, పొడి, మెరుపులు. ఎందుకు అని అడగలేదట. ఇంటి నేల గట్టిపరచడానికేమో అనుకున్నాడట. బండివాడికిచ్చి పంపాడు.

బండివాడు నర్సమ్మవ్వకు అప్పజెప్పాడు. ఆవిడ నేను వచ్చేలోపు పని అయిపోతుందని, పాపం సాయం చేద్దామనే, సంచి విప్పి దొడ్డంతా చల్లించింది.

వచ్చి చూస్తే దొడ్డి మిలమిలలాడుతోంది. కోళ్ళకు మెరిసేదంటే ఇంకేం కావాలి? ఏడూ తలలు వంచుకుని ఏరుకుంటున్నాయి.

ఒక్కొక్కదాన్ని పట్టి గంప కింద వేశాను. నర్సమ్మవ్వ గోడ అవతల నిలబడి, తనకు ఏమెరుక అది ఇనుమని, బురాద బురాద అని నువ్వేగా అన్నావు అని... గొంతు చిన్నగా ఉంది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

ఒకే మాట. ఆవిడకు బురద. ఈయనకు చెక్కపొట్టు. అతనికి ఇనుము. ఎవరిని తిట్టను?

జూలై 9

హెడ్మాస్టరు గారిని బళ్ళోని గుర్రపునాడా అయస్కాంతం అడిగాను. ఎందుకన్నారు. కోళ్ళకన్నాను. ఇంకేమీ అడగకుండా అలమార తాళం ఇచ్చారు.

ఈయన దానికి తాడు కట్టి దొడ్డంతా ఈడ్చాడు. అడుగు వేసేసరికి అయస్కాంతానికి గడ్డం మొలుస్తుంది. దులపడం, మళ్ళీ ఈడ్వడం. వంచిన నడుం ఎత్తలేదు. నేను మూలల్లో పారతో పైమట్టి తీశాను. నర్సమ్మవ్వ గంప తెచ్చి ఇచ్చింది, ఆ మట్టి మోయడానికి.

మిగతావి మేత తింటున్నాయి. మార్త తినడం లేదు.

జూలై 11

మార్త పోయింది.

అన్నిటికంటే ఎక్కువ ఏరుకున్నది అదే. పనిమంతురాలు కదా.

జామచెట్టు కింద పాతిపెట్టాం. కోడి కోసం ఏడ్చే మనిషిని చూసి ఊరు నవ్వుతుంది. నవ్వనీ. బాగా ఏడ్చాను. ఈయన పార పక్కన పెట్టి, నన్ను తిట్టు అన్నాడు. రాంలాల్‌కు నిలబెట్టి చెప్పి ఉండాల్సింది, తప్పు తనదే అన్నాడు. తిట్టబుద్ధి కాలేదు. ఆ మాట చాలనిపించింది.

జూలై 14, ఆదివారం

రాంలాల్ వచ్చాడు. సైకిలు వెనక పెద్ద గోనెసంచి. గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మాఫ్ కర్నా భాభీ. ఇస్ బార్ లకడీ కా హై."

అతనే మూతి విప్పి, గుప్పెడు తీసి చూపించాడు. ఈసారి చెక్కపొట్టే, చెక్క వాసన. తన ఊళ్ళో తన తల్లికి కూడా కోళ్ళున్నాయట. అందుకే రెండు రాత్రులు నిద్ర పట్టలేదట. చాయ్ తాగించి పంపాం.

సంచి ఇంట్లోనే మూలకు పెట్టాను. ఈసారి తొందరపడను. ఏది పోసినా ఆ రేగడి మింగుతుంది. పైన పోసేదాని గురించే ఆలోచించాను ఇంతకాలం, అడుగు గురించి ఆలోచించలేదు.

జూలై 16

దొరికింది!

కళ్ళ ముందే ఉంది, రోజూ దాని మీదే నడుస్తున్నాను. బడి ఆవరణ. నిరుడు మొరం, ఆ ఎర్ర గరుసు మట్టి, పోయించారు. రాత్రంతా వాన, పొద్దున పిల్లలు దాని మీదే పరుగులు, ఒక్కడి కాలికీ బురద లేదు. నీళ్ళు కిందికి దిగి, ఏటవాలుగా పోయి, కాలువలో పడుతున్నాయి. ప్రార్థన గంట కొట్టాల్సిన దాన్ని, గంట పట్టుకుని నేల చూస్తూ నిలబడిపోయాను. పిల్లలు నవ్వారు.

ముందు మొరం. వాలుగా. దాని మీద పొట్టు.

జూలై 18

మొరం బండి వచ్చింది. బొంబాయి రోడ్డు పక్కన తవ్వుతున్నారు, అక్కడి నుంచి. ఈయన సెలవు పెట్టాడు! ఎర్రగా పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మెసతో కొట్టి, గోడ నుంచి కాలువ వైపుకు వాలు పెట్టాడు. ఫిట్టరు పని ఆయనది, వాలు కూడా నీళ్ళసీసా పెట్టి చూసుకున్నాడు. ఇంత శ్రద్ధ పెళ్ళిచూపుల్లో నా మీద పెట్టలేదు.

పైన రాంలాల్ బురాదా, దానితో పల్లీల పొట్టు కలిపి. పల్లీల పొట్టు గానుగ దగ్గర దొరికింది. చెక్కపొట్టు ఒక్కటే అయితే అణిగిపోతుంది, పల్లీపొట్టు బొద్దుగా ఉండి గాలి ఆడనిస్తుంది. చేత్తో పట్టి చూసి నేనే అనుకున్నాను, సరైనదో కాదో.

కోళ్ళను వదిలాను. ఆరూ. గీకడం మొదలుపెట్టాయి. గీకనీ. తిరగేసిన కొద్దీ ఆరుతుంది. గరికకు శత్రువైన పనే దీనికి మేలు.

జూలై 21, ఆదివారం

ఆషాఢం వెళ్ళింది. రాధ వచ్చింది. బండి దిగుతుంటే చూశాను, సన్నటి పిల్ల, పొట్ట మాత్రం మనిషికి మించి. నర్సమ్మవ్వ దిష్టి తీస్తూ నా వైపు ఒక చూపు చూసింది.

ఇంతవరకు ఎండలే. ఎండలో ఏదైనా బాగానే ఉంటుంది.

జూలై 24

పురిటి గది కిటికీ మూసే ఉంది.

జూలై 27

ముసురు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. సన్నగా, ఆగకుండా. ఇలాంటి వానే అసలు పరీక్ష, కుండపోత అయితే కొట్టుకుపోతుంది, ఇది నానబెడుతుంది.

జూలై 30

ఇంకా ముసురే. దొడ్డి మధ్య పైన తడి, వేళ్ళు లోపలికి పెడితే పొడి. కాలువ దగ్గర ఒక మూల ముద్దయింది, ఎత్తి పారేసి కొత్తది వేశాను, పిడికెడు సున్నం చల్లాను. వంగి వాసన చూశాను. అడవిలో రాలిన ఆకుల వాసన లాంటిది. ముక్కు నాది కనుక నమ్మలేకపోతున్నాను. ఈయనను పిలిచి వాసన చూడమన్నాను. నమస్కారానికి వంగినట్టు వంగి చూశాడు. నీ తలనూనె వాసన తప్ప ఏమీ రావడం లేదన్నాడు.

ఆగస్టు 2

కిటికీ ఓరగా తెరిచి ఉంది!

ఆగస్టు 4, ఆదివారం

రాధ పిలిచింది, అక్కా అని. కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుంది. కదలద్దన్నారట, పొద్దు పోవడం లేదట. ఏ కోడి పేరేమిటో చెప్పమన్నది. చెప్పాను. రూతు ఎవరు అన్నది. రూతు కథ చెప్పాను, అత్తను విడిచిపోని కోడలి కథ. మా అత్తకు చెప్పాలె గీ కథ అని పడి పడి నవ్వింది. లోపలి నుంచి నర్సమ్మవ్వ, గట్ల నవ్వద్దు బిడ్డా అని కేక.

కంపు గురించి పిల్ల ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే కొత్త అనుమానం పుడుతుంది.

ఆగస్టు 9

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పొట్టులో జొన్నలు. నేను చల్లలేదు. కోళ్ళు వాటి కోసం అడుగుదాకా తిరగేశాయి, నేను పారతో తిరగేసినా అంత బాగా రాదు. ఎవరు చల్లారు? రాధనుకున్నాను.

ఆగస్టు 10

రాధ కాదు. ఈ రోజు చాటు నుంచి చూశాను. నర్సమ్మవ్వ. కొంగులో నుంచి గుప్పెడు తీసి గోడ మీదుగా విసిరి, కాసేపు చూసి, ఎవరైనా చూశారా అని ఇటూ అటూ చూసి పోయింది. మార్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ దొడ్డి వైపు చూడగా నేను చూడలేదు. చూడనట్టే ఉంటాను.

ఆగస్టు 17

నర్సమ్మవ్వ చిక్కుడు పాదుకు రెండు గంపల పాత పొట్టు కావాలట. అడిగింది! అడుగున మాగినది ఎత్తి ఇచ్చాను. ఈయన గుసగుసగా, ఇక మనం ఉండొచ్చన్నమాట అన్నాడు. ఆవిడ అనలేదు కదా. ఆవిడ నోటి నుంచి వినేదాకా నాకు నమ్మకం లేదు. చిక్కుడు పాదుకు ఎరువు కావాలి, అంతే అయి ఉండొచ్చు.

ఆగస్టు 23

రాధ కాళ్ళు బాగా వాచాయి. ముఖం కూడా. నర్సమ్మవ్వ ఎవరితోనూ మాట్లాడటం లేదు. సంగారెడ్డి నుంచి నర్సును పిలిపించి చూపించారు, నీళ్ళు పట్టాయన్నదట, ఉప్పు మానమన్నదట. ఎస్తేరు పెట్టిన గుడ్లు రోజూ పంపిస్తున్నాను. తింటోందట.

మొదట్లో కోళ్ళ కోసం ఆ కిటికీ వైపు చూసేదాన్ని. ఇప్పుడు పిల్ల లేచి కూర్చుందా అని చూస్తున్నాను.

సెప్టెంబరు 1, ఆదివారం

చర్చికి పోలేదు. తెల్లవారుతూనే రాధకు నొప్పులు. నర్సు వచ్చింది, మంత్రసాని ముందే ఉంది. ఈయన సైకిలు మీద పటాన్‌చెరు పోయాడు, అవసరమైతే దవాఖానకు తీసుకుపోవడానికి జీపు మాట్లాడి ఉంచడానికి. ఎవరూ పొమ్మనలేదు.

పది దాటింది. వాన. గట్టిగానే. నేను దొడ్డి చూరు కింద నిలబడ్డాను, లోపలికి పోవడానికి నేనేమవుతానని? కోళ్ళు ఒక పక్కకు సర్దుకున్నాయి.

కిటికీ తలుపులు రెండూ నర్సమ్మవ్వే తోసి తెరిచింది. గాలి ఆడటం లేదు లోపల. జుట్టు రేగి ఉంది, కళ్ళు లోపలికి పోయాయి. ఊచల మధ్య నుంచి నన్ను చూసింది. కోళ్ళ మాట ఆవిడకూ గుర్తు లేదు, నాకూ లేదు.

"టీచరమ్మా, నీ దేవునికి జెర చెప్పు. గీడనే ఉండి చెప్పు. యాడికి పోకు."

మోకరించాను, ఉన్నచోటే, ఆ పొట్టులోనే. మోకాళ్ళకు తడి అంటలేదు. ఏం ప్రార్థించానో తెలియదు, రాధ పేరు తప్ప మాటలు రాలేదు.

వాన తగ్గింది. లోపల నర్సు గొంతు వినపడుతోంది, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని. పసిగొంతు ఇంకా వినపడలేదు. చేతులు ఊరుకోక ఈ పుస్తకం తెచ్చుకుని ఇక్కడే, కిటికీ కిందే, కూర్చుని రాస్తున్నాను.